పంచాయితీ ఆఫీసు దగ్గర ఆగిపోయిన తీగ

గ్రామాలకు బ్రాడ్‌బాండ్ తీసుకుపోవటానికి గవర్నమెంటు ఎంత ఖర్చుపెట్టింది అని అడిగితే జవాబు సులభంగానే దొరుకుతుంది. ఆ డబ్బు ఎవరి జేబులోనుంచి వచ్చింది, ఎవరి చేతికి పోయింది, దానితో వేసిన తీగ ఏ గుమ్మం ముందు ఆగింది అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. మొదటిది లెక్కలవాళ్ళ ప్రశ్న, మిగిలినవి చరిత్రకు సంబంధించినవి. నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. సాంకేతిక శాస్త్రంలో నాకు ప్రవేశం లేదు. కాని ప్రభుత్వాలు తమ పనికి పెట్టుకునే పేర్లలో, వాడే మాటల్లో వాటి వర్గదృష్టి ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మాటలు చదవటం మన వృత్తి గనుక, ఈ విషయంలో మనం కూడా జోక్యం చేసుకోవచ్చు.

మన దేశంలో వార్త మోసే సాధనాలకు మొదటినుంచీ రెండు సంప్రదాయాలున్నాయి. ఒకటి తపాలా సంప్రదాయం, రెండోది తంతి సంప్రదాయం. మనవాళ్ళు ఈ రెంటినీ కలిపి తంతి తపాలా శాఖ అని ఒకే ఊపిరిలో అనేవారు గాని, వాటి పుట్టుకలోనే తేడా ఉంది.

1854లో కంపెనీ ప్రభుత్వం తపాలా చట్టం చేసినప్పుడు, పావు తులం బరువుకు లోపలి ఉత్తరం దేశంలో ఎక్కడికి పోయినా అర్ధణా అని రేటు కట్టింది. దూరాన్నిబట్టి రేటు పెరిగే పాత పద్ధతి పోయింది. ఇది కంపెనీ దొరల ఔదార్యం కాదు. వాళ్ళ వ్యాపారానికీ పరిపాలనకూ అదే లాభం. అయినా ఆ ఏర్పాటులో ఒక సూత్రం ఇమిడి ఉంది: రద్దీగా ఉండే దారిలో మిగిలిన డబ్బుతో, రద్దీ లేని దారిలో ఉత్తరం నడుస్తుంది. మద్రాసు ఉత్తరం ఖర్చులో కొంత మిగిలితేనే మన్యంలో ఉత్తరం చేరుతుంది. ఎవరూ దాన్ని సబ్సిడీ అనలేదు. రేటు ఒకటే అన్నారు, అంతే.

తంతి అలా కాదు. 1851లో కలకత్తానుంచి డైమండ్ హార్బరు దాకా మొదటి తీగ నడిచింది. 1857 నాటికి నాలుగువేల మైళ్ళు దాటింది. ఎక్కడెక్కడికి? కంటోన్మెంట్లకు, రేవులకు, ప్రెసిడెన్సీ పట్టణాలకు. తిరుగుబాటు వార్త తిరుగుబాటుదారులకంటే ముందు దొరలకు చేరింది ఆ తీగ మీదనే. గ్రామానికి తంతితో ఉన్న సంబంధమల్లా, ఎప్పుడో ఒక చావు కబురు. ఇంటి ముందు తంతి జవాను నిలబడితే చాలు, కాగితం విప్పకుండానే ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టే రోజులు మా తాతల కాలంలో ఉండేవి. 2013 జులైలో ఆ తంతి సేవ మూతపడిపోయింది. కాని అది నేర్పిన పద్ధతి మూతపడలేదు. ఏలికకు ఎక్కడ అవసరమో అక్కడికి తీగ ముందు పోతుంది.

స్వాతంత్ర్యం తరవాత టెలిఫోను శాఖ ఈ రెండు సంప్రదాయాల మధ్య ఊగిసలాడింది. ఫోను కావాలంటే ఏళ్ళ తరబడి వెయిటింగు లిస్టు. ఫోను ఉన్నవాడు ఊళ్ళో పెద్ద మనిషి. ఆ శాఖను ఆకాశానికెత్తే ఉద్దేశం నాకు లేదు. అయినా ట్రంకు కాల్సు మీద వచ్చిన ఆదాయంతో పల్లెటూరి ఎక్స్చేంజి నడిపిన సంస్థ అది. 1984లో ఏర్పడిన సి-డాట్ 128 లైన్ల చిన్న ఎక్స్చేంజిని తయారుచేసింది. మన ఎండకూ దుమ్ముకూ తట్టుకొని, చల్లగది లేకుండా పనిచేసేట్టు దాన్ని కట్టారు. పల్లెకు సరిపోయే యంత్రాన్ని పల్లెకోసమే రూపొందించిన సందర్భం మన టెలిఫోను చరిత్రలో అరుదు. పసుపు రంగు ఎస్.టి.డి. బూతుల కాలం దాని తరవాతిదే.

1994 టెలికాం విధానం ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరిచింది. 1997 నాటికి ప్రతి గ్రామానికీ ఫోను అని అదే పత్రంలో రాశారు. లైసెన్సు తీసుకున్న కంపెనీలు గ్రామాల్లో కొన్ని పబ్లిక్ ఫోన్లు పెట్టితీరాలని షరతు కూడా ఉంది. పట్టణాల్లో లైన్లు వేశారు, షరతు కాగితం మీద ఉండిపోయింది. జరిమానా కట్టటం గ్రామానికి తీగ వేయటంకంటే చౌక అని కంపెనీల లెక్క. 1997 వచ్చింది, పోయింది.

ఇక్కడ ప్రభుత్వం ముందు రెండు దారులున్నాయి. ఇచ్చిన మాట నిలబెట్టుకోమని కంపెనీల మెడ వంచటం ఒకటి. ఆ బాధ్యతను వాటి మీదనుంచి తీసివేసి, దానికి బదులు డబ్బు వసూలు చేయటం రెండోది. 1999 విధానం రెండోదారి పట్టింది. 2002 ఏప్రిల్ 1నుంచి యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ వచ్చింది. 2003 చట్ట సవరణతో దానికి చట్టబద్ధత కలిగింది. కంపెనీలు తమ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో 5 శాతం ఈ నిధికి కట్టాలి. 2006లో మరో సవరణతో సెల్‌ఫోనూ బ్రాడ్‌బాండూ దీని పరిధిలోకి వచ్చాయి.

ఈ మార్పు చిన్నది కాదు. అంతవరకు లాభమూ బాధ్యతా ఒకే ఇంట్లో కాపురం చేశాయి. ఇప్పుడు వాటికి విడాకులైనాయి. లాభం కంపెనీ ఇంటికి పోయింది. బాధ్యత నిధి అనే కొత్త చిరునామాకు మారింది. అక్షరార్థంలో ఇది కంపెనీ కట్టే పన్ను. ఆచరణలో ఎవరు కడుతున్నారు? ఉపాధి కూలికి పోయి వచ్చి నెలనెలా రీచార్జి చేయించుకునే మనిషి ఇచ్చే ప్రతి నూరు రూపాయల్లో కంపెనీ ఆదాయం ఉంది, ఆ ఆదాయంలో నిధి వాటా ఉంది. పల్లెకు దానం చేస్తున్నామని చెప్పే నిధికి పల్లె కూడా చందాదారే.

పైగా ఈ డబ్బు నేరుగా నిధికి చేరదు. ముందు కేంద్ర సంచిత నిధిలో పడుతుంది. పార్లమెంటు కేటాయించినప్పుడు, కేటాయించినంతే బయటికి వస్తుంది. వసూలయినదానికీ విడుదలయినదానికీ మధ్య పెరిగిన దూరాన్ని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలు వేలెత్తి చూపాయి. 2010ల చివరికి ఖర్చుకాని నిల్వ 50,000 కోట్ల రూపాయల పరిసరాలకు పోయింది. నిల్వ అంటే ఎక్కడో పెట్టెలో ఉన్న డబ్బు అనుకోకూడదు. బడ్జెట్టు లోటు కనబడకుండా కప్పటానికి పనికివచ్చి, పుస్తకంలో అంకెగా మిగిలిన డబ్బు అది.

ఈ నిధి మీద ఆధారపడే 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం నేషనల్ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కును ఆమోదించింది. రెండున్నర లక్షల గ్రామ పంచాయితీలకు గాజుతీగ. అంచనా 20,000 కోట్లు. గడువు రెండేళ్ళు. 2012లో భారత్ బ్రాడ్‌బాండ్ నెట్‌వర్క్ లిమిటెడ్ అనే కంపెనీ పెట్టారు. పనిని బి.ఎస్.ఎన్.ఎల్., రైల్‌టెల్, పవర్‌గ్రిడ్ సంస్థలకు పంచారు. ప్రయోగానికి మూడు చోట్లు ఎంచుకున్నారు: రాజస్థాన్‌లో అరాయిఁ, త్రిపురలో పానీసాగర్, మన విశాఖ జిల్లాలో పరవాడ. 2012 అక్టోబరు నాటికి ఆ మూడు చోట్లా కలిపి అరవైకి దగ్గరగా పంచాయితీలకు తీగ చేరింది. ఆ తరవాత? 2014 మధ్యకు వచ్చేసరికి ఆ ప్రయోగం దాటి చెప్పుకోదగినంత పని జరగలేదు. ప్రభుత్వం మారింది, పథకం పేరు భారత్‌నెట్ అని మారింది. లక్ష పంచాయితీల మొదటి దశ 2017 డిసెంబరుకు పూర్తయిందన్నారు. ఆలోగానే, 2017 జులైలో, మొత్తం అంచనా 42,068 కోట్లకు చేరింది.

ఆలస్యాన్ని విమర్శించటం సులభం, పత్రికలన్నీ ఆ పనే చేశాయి. నా విమర్శ అది కాదు. పని అనుకున్న వేగంతో జరిగినా ఏమయ్యేది అన్నది అసలు సంగతి. మూల పథకంలోనే తీగ పంచాయితీ ఆఫీసు దగ్గర ఆగుతుంది. అక్కడ ఒక పెట్టె, సెకనుకు 100 మెగాబిట్ల సామర్థ్యం. అక్కడనుంచి ఇంటికి, బడికి, ఆసుపత్రికి తీగ వేసే పని మార్కెటు చూసుకుంటుందని ఊహించారు. హోల్‌సేలు దుకాణం ప్రభుత్వం పెడుతుంది, చిల్లర బేరం కంపెనీలు చేసుకుంటాయి. కందకం తవ్వటానికి ప్రజాధనం ఉంది. తవ్విన కందకంలోని తీగ తెగితే అతికే మనిషికి, పెట్టెకు కరెంటు పోతే బాటరీ మార్చే మనిషికి, వందగజాల అవతల ఉన్న ఇంటికి లైను లాగే మనిషికి పథకంలో సరైన చోటు లేదు. ఆ చిల్లర బేరం లాభసాటి అయితే కంపెనీలు ప్రభుత్వం కోసం ఇన్నాళ్ళు ఆగేవా?

మాటల సంగతి చెబుతానన్నాను. ఈ పథకం నివేదికల్లో పంచాయితీలను ‘సర్వీస్ రెడీ’ అని లెక్కిస్తారు. ఇటీవలి లెక్కల్లో అలాంటివి 2,14,000 దాటాయి. సర్వీస్ రెడీ అంటే సేవ అందుతోందని కాదు, అందటానికి సిద్ధంగా ఉందని. వండిన అన్నానికీ పొయ్యిమీద పెట్టిన ఎసరుకూ ఉన్న తేడా అది. విస్తళ్ళు లెక్కపెట్టకుండా ఎసరు గిన్నెలు లెక్కపెట్టే అధికార భాష ఇది. ఎందుకు అలా లెక్కపెడతారు? గుత్తేదారుకు బిల్లు ఎసరు పెట్టినప్పుడే చెల్లుతుంది గనుక.

వేసిన తీగ తీరు మరొక కథ. బ్లాకు కేంద్రంనుంచి కొంత దూరం బి.ఎస్.ఎన్.ఎల్. పాత గాజుతీగనే వాడుకొని, మిగిలిన ముక్కకు కొత్తది అతికారు. ఖర్చు కలిసివచ్చింది. కాని పాత తీగ నాణ్యత తగ్గి ఉన్నచోట కొత్త తీగ బాగున్నా ప్రయోజనం లేకపోయింది. పైగా తీగ ఒకటే వరసలో పోతుంది. మధ్యలో రోడ్డు వెడల్పు చేసేవాడి పొక్లెయిన్ ఒక్కసారి తగిలితే, ఆ చివర ఉన్న ఊళ్ళన్నీ చీకటి. తీగను వలయంగా తిప్పి రెండువైపులనుంచీ అందేట్టు చేయటానికి ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు మొదట వద్దనుకున్నారు. 2023 ఆగస్టులో కావాలనుకున్నారు.

ఈ లోపల 2020 వచ్చింది. కాలేజీలు మూసి ఇంటర్నెట్ మీద పాఠాలు చెప్పమన్నారు. నేను బి.ఏ. రెండో సంవత్సరం క్లాసుకు ప్రబంధాల పాఠం చెబుతుంటే, అరవైమంది పేర్లుండవలసిన చోట పదిహేనో పదహారో పేర్లు కనిపించేవి. అందులోనూ కొన్ని మెరిసి మాయమయేవి. ఒక కుర్రవాడు వాళ్ళ ఊరి మంచినీళ్ళ టాంకు మెట్లమీద కూచొని వినేవాడు. “మీ ఊళ్ళో పంచాయితీ ఆఫీసులో ఇంటర్నెట్ ఉందటగా, అక్కడ కూచోరాదూ?” అని అడిగాను. “పెట్టె ఉంది సార్, గదికి తాళం వేసి ఉంటుంది. లైటు వెలగంగా నేనెప్పుడూ చూడలేదు” అన్నాడు. ఆడపిల్లలకు ఆ టాంకు మెట్లు కూడా లేవు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితోపాటు పొలానికో, అన్నతోపాటు పనికో పోయేది. ఆ ఏడు మా కాలేజీలో చదువు మానినవాళ్ళ పేర్లు రిజిస్టరులో చూసినప్పుడు, అందులో ఎక్కువమంది ఏ ఊళ్ళవాళ్ళో చెప్పటానికి పటం అక్కరలేకపోయింది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యమున్న కుటుంబాలు పట్టణాల్లో 42 శాతం, పల్లెల్లో 14.9 శాతం. కంప్యూటరు ఉన్న ఇళ్ళు పట్టణాల్లో 23.4 శాతం, పల్లెల్లో 4.4 శాతం. మొదటి లక్ష పంచాయితీలు ‘సర్వీస్ రెడీ’ అయిన కాలమే ఇది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నిధి పదిహేనేళ్ళలో చేయలేనిది ప్రైవేటు కంపెనీల సెల్‌ఫోన్లు నాలుగేళ్ళలో చేశాయి కదా అంటారు. ఇందులో నిజం ఉంది. 2016 తరవాత చౌక డేటా వచ్చింది. 2025 మొదట్లో జరిగిన సర్వేలో ఇంట్లో ఇంటర్నెట్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 80 శాతం దాటాయి. దీన్ని కాదనటం మూర్ఖత్వం. కాని ఈ ఇంటర్నెట్ చాలావరకు అరచేతిలో ఉన్న సెల్‌ఫోను ఇంటర్నెట్. దానిమీద సినిమా చూడవచ్చు, డబ్బు పంపవచ్చు. ముగ్గురు పిల్లలు మూడు క్లాసులు ఒకేసారి వినలేరు. ఊరి ఆసుపత్రి ఎక్స్‌రే పటాలు రోజంతా పంపలేదు. చౌక కూడా శాశ్వతం కాదు. పోటీదార్లు ఒక్కొక్కరే మట్టికరిచి బలమైన కంపెనీలు రెండే మిగిలాక, 2019 డిసెంబరులో, 2021 చివర్లో, 2024 జులైలో రేట్లు పెరిగాయి. వాటి టవర్లకు కూడా నేలమీద గాజుతీగ కావాలి. ఆకాశంలో ఉన్నట్టు కనిపించే సెల్‌ఫోను భూమిలో పాతిన తీగ చివర వేలాడేదే.

ఆ కంపెనీలు కూడా పోనిచోటికి ప్రభుత్వం డబ్బిచ్చి పంపింది. ఏ క్రమంలో పంపిందో చూడండి. 2014 ఆగస్టులో మావోయిస్టు ప్రాబల్యమున్న జిల్లాల్లో 2,199 సెల్ టవర్లకు 3,567 కోట్ల పైచిలుకు మంజూరయింది. చోట్లు ఎంపిక చేసింది హోం శాఖ. అదే స్థాయిలో మామూలు అడవిపల్లెల వంతు 2021 నవంబరులో వచ్చింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో సెల్‌ఫోను అందని 7,287 గ్రామాలకు 6,466 కోట్లు. ఏడేళ్ళ తేడా. ప్రసవవేదన పడుతున్న స్త్రీకి అంబులెన్సును పిలవటానికి కొండెక్కిన విశాఖ మన్యంవాడు ఈ ఏడేళ్ళను ఎలా అర్థం చేసుకోవాలి? కంటోన్మెంటుకు ముందు, కుగ్రామానికి తరవాత అన్న తంతి సంప్రదాయం ఇక్కడ అచ్చుగుద్దినట్టు కనిపిస్తుంది.

రాష్ట్రాలు వేరే దారులు ప్రయత్నించకపోలేదు. విభజన తరవాత ఆంధ్రప్రదేశ్ 2015లో స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థను పెట్టి, భూమిలో పాతకుండా కరెంటు స్తంభాలమీదుగా సుమారు 24,000 కిలోమీటర్ల తీగ లాగింది. మొదటి దశకు 333 కోట్లు. భూమి తవ్వితే వేల కోట్లయ్యేది. చివరి వందగజాలకు ఊళ్ళో అప్పటికే ఉన్న కేబుల్ టి.వి. ఆపరేటర్లను వాడుకున్నారు. నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టి.వి., ఫోను మూడూ కలిపి. 2017 డిసెంబరులో రాష్ట్రపతి ప్రారంభించారు. ఢిల్లీ పథకం పంచాయితీ ఆఫీసు దగ్గర ఆగితే, ఈ పథకం ఇంటి గుమ్మాన్ని లెక్కలోకి తీసుకుంది. అంతవరకు మెచ్చుకోవాలి. అయితే స్తంభంమీద తీగ స్తంభంతోపాటే పడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళంలో వేల స్తంభాలను పడగొట్టినప్పుడు ఆ ‘చౌక’ ఖరీదు తెలిసింది. కనెక్షన్లు లక్షల్లో పెరిగి, తరవాత బాగా తగ్గిపోయాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ సంస్థ మీద ఆరోపణలూ ప్రత్యారోపణలూ. వాటిలోకి నేను పోను. మొదట వేయటానికి డబ్బు పెట్టిన ఉత్సాహం, ఏటేటా నిలబెట్టటానికి పెట్టలేదన్నది పార్టీలతో నిమిత్తం లేని నిజం.

తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాలకు తవ్విన కందకాల్లోనే గాజుతీగ గొట్టాలు కూడా వేసింది. కందకం ఒక్కసారే తవ్వి రెండు పనులు చేసుకోవటం తెలివైన ఆలోచన. కాని గొట్టం వేసి ఏళ్ళు గడిచాక, 2024 డిసెంబరులో గాని కొన్ని ఊళ్ళలో ఇళ్ళకు ప్రయోగాత్మకంగా సేవ మొదలుకాలేదు. కేరళ మరో అడుగు ముందుకు వేసింది. ఇంటర్నెట్ ప్రజల హక్కు అని ప్రకటించి, విద్యుత్తు బోర్డు భాగస్వామ్యంతో కె-ఫోన్ సంస్థ పెట్టి, 2023 జూన్‌లో ప్రారంభించింది. 20 లక్షల పేద కుటుంబాలకు ఉచితంగా ఇస్తామన్నది లక్ష్యం. మొదటి విడతలో నియోజకవర్గానికి నూరు కుటుంబాల చొప్పున 14,000 కుటుంబాలను ఎంచుకున్నారు. మన మిత్రులు కొందరు కేరళ పేరు చెబితేనే చప్పట్లు కొడతారు. లక్ష్యానికీ ఆచరణకూ మధ్య దూరం అక్కడా తక్కువ లేదని ఈ అంకెలే చెబుతున్నాయి. అయినా హక్కు అన్న మాటకు ఒక బలముంది. లబ్ధిదారు అడుక్కుంటాడు, హక్కుదారు నిలదీస్తాడు.

తీగను నిలబెట్టే మనిషి అన్నాను. ఆ మనిషిని ఏంచేశారో చూద్దాం. గ్రామీణ లైన్ల నష్టానికి పరిహారంగా ప్రైవేటు కంపెనీలనుంచి బి.ఎస్.ఎన్.ఎల్.కు వచ్చే యాక్సెస్ డెఫిసిట్ చార్జీని 2003లో పెట్టి, 2008లో తీసేశారు. నష్టం వచ్చే లైన్లు ఆ సంస్థకే ఉండిపోయాయి, పరిహారం పోయింది. దాన్ని నష్టాల సంస్థ అని వేలెత్తి చూపటం మాత్రం ఆగలేదు. 2020 జనవరి 31న ఒక్కరోజే 78,000 మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పోయారు. ‘స్వచ్ఛంద’ అన్న విశేషణం గురించి, జీతాలు ఆలస్యమైన ఆ నెలల్లో ఆ ఇళ్ళలో అడిగితే తెలుస్తుంది. ఏ తీగ ఏ గట్టు కింద పోతుందో, ఏ చెరువు పొంగితే ఏ జాయింటు తడుస్తుందో చేతులకు తెలిసిన లైన్‌మన్లు ఎందరో వాళ్ళలో ఉన్నారు. ఆ జ్ఞానం ఏ ఫైలులోనూ లేదు. రెండు నెలల్లో దేశమంతా తలుపులు వేసుకుని ఇంటర్నెట్ మీద ఆధారపడింది. 2022 జులైలో భారత్‌నెట్ కంపెనీని బి.ఎస్.ఎన్.ఎల్.లోనే కలపాలని నిర్ణయించి, తీగల భారం మళ్ళీ ఆ సంస్థ నెత్తినే పెట్టారు. చేతులు నరికి, బరువు నెత్తిన పెట్టటమంటే ఇదే.

దీనికంటే చిత్రమైనది 2021 కథ. ఆ ఏడు జూన్ చివర మంత్రివర్గం 16 రాష్ట్రాల్లో భారత్‌నెట్‌ను ప్రైవేటు భాగస్వామ్యంతో పూర్తి చేయాలని నిర్ణయించి, 19,041 కోట్లు ‘వయబిలిటీ గ్యాప్’గా ఇస్తానంది. ఈ మాటను తెలుగు చేస్తే, లాభం ఎంత చాలకపోతే అంత మేము పూడుస్తాం అని అర్థం. గుంట అంటే ఊరికి తీగ లేని గుంట కాదు, కంపెనీ లాభంలో గుంట. అంత ఆశ చూపినా టెండరుకు ఒక్క కంపెనీ రాలేదు. 2022లో దాన్ని రద్దుచేసుకోవలసి వచ్చింది. మార్కెటు తనంతట తాను పల్లెకు పోదని 1997లోనే తెలిసింది. డబ్బిచ్చి బతిమాలినా పోదని 2022లో తెలిసింది.

మరి వేరే దారి ఉన్నదా? పుస్తకాల్లో కాదు, మన నేలమీదే ఉంది. అమెరికాలో 1930ల మధ్య పదింట ఒక రైతు ఇంటికి మించి కరెంటు లేదు. కంపెనీలు లాభం లేదన్నాయి. 1936 చట్టంతో అక్కడి ప్రభుత్వం రైతుల సహకార సంఘాలకు చౌక వడ్డీకి దీర్ఘకాలపు అప్పులిచ్చింది. 1949లో అదే ఏర్పాటును టెలిఫోనుకు విస్తరించింది. పెట్టుబడిదారీ ప్రపంచానికి తలకాయ అనదగిన దేశంలో జరిగిన పని ఇది. ఆ సంఘాల్లో కొన్ని ఇవాళ తమ ఊళ్ళకు తామే గాజుతీగ వేసుకుంటున్నాయి. ఆ నమూనాతోనే 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ సాయంతో మన దేశంలో కొన్ని విద్యుత్తు సహకార సంఘాలు పుట్టాయి. వాటిలో ఒకటి సిరిసిల్లలో ఉంది. చేనేతకూ మరమగ్గాలకూ పేరుపడిన ఆ ప్రాంతంలో అర్ధశతాబ్దంగా కరెంటు పంపిణీ చేస్తున్నది కంపెనీ కాదు, వినియోగదారులే సభ్యులైన సహకార సంఘం. స్తంభాలు వాళ్ళవి, లైన్‌మన్లు వాళ్ళవాళ్ళు, డైరెక్టర్లను ఎన్నుకునేది వాళ్ళే. ఆ సంఘంలో రాజకీయాలు లేవనీ, బకాయిలు లేవనీ నేననను. కాని 2017లో భారత్‌నెట్ రెండో దశకు మూడు పద్ధతులు నిర్ణయించారు: రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర ప్రభుత్వ సంస్థ, ప్రైవేటు కంపెనీ. నాలుగోదిగా సహకార సంఘం అన్న మాట ఆ జాబితాలో లేదు. పల్లె పేరుతో ఖర్చయ్యే డబ్బును పల్లెజనం చేతికివ్వటం మన పాలకుల ఊహకే అందలేదు.

2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్లు. తీగను వలయంగా తిప్పుతారు. పంచాయితీ దాటి ఊళ్ళకు, అడిగినచోట ఇళ్ళకు పోతారు. అయిదేళ్ళలో కోటిన్నర ఇళ్ళు లక్ష్యం. కట్టినవాడే పదేళ్ళు నడపాలని కాంట్రాక్టులో రాశారు. పన్నెండేళ్ళ కిందట చెప్పవలసినవి ఇప్పుడైనా చెప్పారు, సంతోషం. ఇంటికి లైను ఇచ్చే మనిషికి మాత్రం ‘ఉద్యమి’ అని పేరు పెట్టారు. ఉద్యమమంటే పదిమంది కలిసి లేవటమని తెలుసుకున్న మన భాషకు ఇదొక వింత. హిందీలో ఉద్యమి అంటే సొంత పెట్టుబడితో వ్యాపారం పెట్టుకునేవాడు. జీతమూ, సెలవూ, ప్రమాద బీమా ఉన్న లైన్‌మన్ స్థానంలో, కమీషన్ మీద బతుకుతూ నష్టం తానే భరించే కుర్రవాడు వచ్చాడు. వలయపు తీగకు లక్షకోట్లు దొరికాయి. ఆ కుర్రవాడికి నెల జీతం దొరకలేదు.

నిధి పేరు కూడా మారింది. 2023 టెలికాం చట్టంతో అది డిజిటల్ భారత్ నిధి అయింది, 2024లో నియమాలు వచ్చాయి. పాత పేరులో ‘ఆబ్లిగేషన్’ అన్న మాట ఉండేది. అంటే బాధ్యత. కొత్త పేరులో ఆ మాట లేదు. పేరు ఒక్కటే కాదు, ఖర్చు పద్దులూ పెరిగాయి. పరిశోధనకు, కొత్త సాంకేతిక ప్రయోగాలకు కూడా ఇందులోనుంచి ఇవ్వవచ్చు. పరిశోధన వద్దనేవాడెవడు? కాని రీచార్జి చేయించుకున్న కూలిమనిషి వాటా మీద మొదటి హక్కు ఎవరిది అన్న వరసక్రమం చట్టంలో రాసిలేదు.

2025 మేలో ట్రాయ్ ఉపగ్రహ ఇంటర్నెట్ గురించి సిఫారసులు చేసింది. తీగ చేరని గ్రామీణ ప్రాంతాల్లో ఇంటిమీద పెట్టుకునే పరికరానికి సబ్సిడీ ఇవ్వటాన్ని ప్రభుత్వం పరిశీలించవచ్చని అందులో ఒకటి. ఆ మరుసటి నెలలో స్టార్‌లింక్‌కు లైసెన్సు వచ్చింది. తీగ పోలేని కొండకొమ్మున ఉపగ్రహం ప్రాణం నిలబెడుతుంది, అక్కడ అది రావలసిందే. తీగ పోగలిగీ పోని ఊళ్ళకు కూడా అదే మందు అంటే మాత్రం లెక్క మారుతుంది. గాజుతీగకు పెట్టిన రూపాయి మన నేలలో పాతుకుంటుంది. నడవకపోతే మరమ్మతు చేసుకోవచ్చు, సంస్థ మారితే స్వాధీనం చేసుకోవచ్చు. పళ్ళేనికి ఇచ్చిన రూపాయి నెలనెలా చందా వసూలు చేసే కంపెనీకి గిరాకీ తెచ్చిపెడుతుంది. కంపెనీ ఎప్పుడు రేటు పెంచినా, సేవ ఆపినా, ఇంటికప్పుమీద మిగిలేది ఆ పళ్ళెమే. పరవాడలో తీగ వేసి ఇప్పటికి పదమూడేళ్ళు. ఆ మండలంలో, మీ మండలంలో, ‘సర్వీస్ రెడీ’ అని లెక్కలో ఉన్న పెట్టెల్లో ఎన్నింటికి లైటు వెలుగుతున్నదో, ఎన్నింటికి గది తాళం తీసి ఉన్నదో విద్యార్థులు ఊరూరా తిరిగి రాసుకురావచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు చాలు. నిధినుంచి మీ జిల్లాలో తీగ నిర్వహణకు ఏటా ఎంత ఇచ్చారన్నది అందులో మొదటి ప్రశ్నగా పెట్టండి.